పిల్లికూతలు

మోతి దగ్గుతుంటే మొదట్లో అందరూ నవ్వారు. దగ్గే కుక్కను ఆ వాడలో ఎవరూ చూసి ఎరగరు. మెడ ముందుకు చాచి, నడుం వంచి, గొంతులో ఏదో అడ్డం పడినట్టు ఖళ్లు ఖళ్లుమని దగ్గేది. చివరికి నేల మీద కాస్త నురగ కక్కి, తప్పు చేసి దొరికిపోయినట్టు గంగమణి వైపు చూసేది.

“బొక్క ఇరుక్కున్నట్టున్నది” అన్నాడు ఆమె భర్త మల్లేష్. అతను ఎల్లారెడ్డి నుంచి లింగంపేటకు షేర్ ఆటో నడుపుతాడు. రోజంతా నలుగురి మాటలు చెవిన పడతాయి కాబట్టి లోకంలో ప్రతిదానికీ అతని దగ్గర ఒక కారణం సిద్ధంగా ఉంటుంది. కుక్కకు అరటిపండు తినిపించాడు. అన్నం ముద్దలు చేసి మింగించాడు. నోరు తెరిపించి టార్చిలైటు వేసి చూశాడు. ఎముక ముక్కేదీ కనపడలేదు, దగ్గు పోలేదు.

బొక్క అనుకోవడంలో వింతేమీ లేదు. పక్కిల్లు వంటల నర్సింహులుది. లగ్గాలకూ ఫంక్షన్లకూ బిర్యానీ వండి పంపుతాడు. అతని పెరట్లో రేకుల పందిరి కింద ఇటుకల పొయ్యిలు బారుగా ఉంటాయి. ముహూర్తాలున్న రోజుల్లో తెల్లారగానే అంటుకుంటే మధ్యాహ్నం దాకా ఆరవు. తుమ్మ మొద్దులు, సగం పచ్చి కొమ్మలు, పాత ఇండ్లు కూలగొట్టినప్పుడు వచ్చిన రంగు తలుపులు, ఏవి దొరికితే అవి పొయ్యిలోకే. మిగిలిన బొక్కలు మోతికి. పొగ మాత్రం గోడ దాటి, చెప్పాపెట్టకుండా దిగిన చుట్టంలా గంగమణి ఇంట్లోకొచ్చి, ఆరేసిన బట్టల్లో, దిండు గలీబుల్లో, పిల్ల జడలో సాయంత్రం దాకా కూర్చునేది.

పిల్ల పేరు సంజన. ఐదో తరగతి. ఒక్కతే కూతురు. దసరా వెళ్లిన దగ్గర్నుంచి దానికీ దగ్గే. పడుకుంటే రొమ్ములో సన్నగా కీచు కీచుమని చప్పుడు. పిల్లికూతలంటారు దాన్ని. నిజంగానే ఎక్కడో మూలన పిల్లిపిల్ల ఇరుక్కుని అరుస్తున్నట్టే ఉండేది.

“నీ రొమ్ముల పిల్లి దూరిందే. మన మోతిని చూసి జడుసుకొని మొత్తుకుంటున్నది” అని మల్లేష్ ఆట పట్టించేవాడు. సంజన పకపకా నవ్వేది, నవ్వు చివర దగ్గు తగులుకునేది, అది ఆగేసరికి కళ్లలో నీళ్లు.

తమాషాకు అన్న మాట తిరిగి తిరిగి వైద్యమై కూర్చుంది. వాడలో సూదులు వేసే సిద్ధిరాములు పిల్ల వీపు మీద గొట్టం ఆనించి, “ఇంట్ల కుక్క ఉన్నదా?” అని అడిగాడు. ఉందనగానే అతని ముఖం వెలిగిపోయింది. “ఇగ అదే. కుక్క బొచ్చు రొమ్ముకు పోయిందంటే దమ్ము లేస్తది. కుక్కను తోలేయ్ చెల్లె, మందు కూడ అక్కెర లేదు.” నర్సింహులు కూడా గోడ మీద మోచేతులానించి అదే మాట అన్నాడు. అతని తల్లి మంగవ్వ పొయ్యిల ముందు పీట మీద కూర్చుని, కొంగుతో మూతి తుడుచుకుంటూ దగ్గుతూ, “కుక్కలు ఇంట్ల ఉండొద్దు బిడ్డా” అంది.

మోతిని లింగంపేట దగ్గర గంగమణి అక్క అనసూయ ఇంటికి పంపేశారు. ఆటో వెనక సీట్లో మోతి బుద్ధిగా కూర్చుంది, ఎక్కడికో షికారుకు తీసుకుపోతున్నారనుకుని తోక కూడా ఊపింది. సంజన గేటు పట్టుకుని ఏడ్చింది. గంగమణికీ దుఃఖం పొంగుకొచ్చింది గానీ పైకి మాత్రం గట్టిగానే ఉంది. పిల్ల ఊపిరి ముందు కుక్క ఎంత?

ఇక బొచ్చు మీద యుద్ధం మొదలుపెట్టింది. మంచాల కింద, బియ్యం డబ్బాల వెనక, తలుపు సందుల్లో వెతికి వెతికి ఊడ్చింది. దుప్పట్లూ గలీబులూ అన్నీ పోగేసి, సంజన పడుకునే గది కిటికీ కిందున్న నీళ్ల పొయ్యి మీద గుండిగ ఎక్కించి, మక్కబెండ్లు ఎగదోసి, మరిగే నీళ్లలో ఉడకేసింది. పిల్లకు చలి తగలకూడదని పొద్దున్నే వేడినీళ్లు, బడి నుంచి రాగానే మళ్లీ వేడినీళ్లు. కంకులు ఒలిచాక మిగిలే బెండ్లకు కొదవ లేదు, అక్క వాళ్ల చేలో గుట్టగా పడి ఉంటాయి, మల్లేష్ సంచుల్లో కుక్కి తెస్తాడు. వంటకు గ్యాస్ వచ్చి ఏండ్లయింది గానీ స్నానం నీళ్లు గ్యాస్ మీద కాచుకునే దుబారా మనిషి ఆ వాడలో ఇంకా పుట్టలేదు.

అంత చేసినా పిల్లికూతలు తగ్గలేదు సరికదా, పెరిగాయి. సంజన మెట్లెక్కి వస్తే మాట పూర్తి చేయలేకపోయేది. బడిలో ఆటల పీరియడ్‌లో చెట్టు కింద కూర్చోబెడుతున్నారని తెలిసి గంగమణి గుండె చెరువయింది. సిద్ధిరాములు సీసా మందు మార్చాడు. “బొచ్చు ఇంకేడనో ఉన్నది, మంచిగ చూడు” అన్నాడు.

మాఘమాసంలో మరిది వరస వాళ్ల ఇంట్లో పూజ ఉంటే గంగమణి లింగంపేట వెళ్లింది. అక్క ఇల్లు ఊరి చివర, పొలం గట్టు మీద. ఆటో దిగగానే మోతి మీదికి ఉరికి మూతి నాకి, దూరంగా పోతున్న ట్రాక్టర్ వెంట పడి మొరుగుతూ పరుగెత్తింది. మళ్లీ అంతే వేగంగా తిరిగొచ్చింది. గంగమణి దాని వంకే చూస్తూ నిలబడింది. దగ్గు వస్తుందని ఎదురుచూసింది. రాలేదు.

“దగ్గుతలేదా అక్కా?”

“దగ్గుడేంది? వచ్చిన కొత్తల జర దగ్గింది. మళ్ల లేదు. బోరు మోటర్ కాడనే పంటది, గాలికి. మంచిగ తింటది.”

“బొక్క బయట పడ్డదా మరి?”

“ఏం బొక్కనే?” అని అనసూయ నవ్వింది.

గంగమణి నవ్వలేదు. ఆ ఇంట్లోంచి బయటపడ్డ కుక్కకు నయమైంది. కుక్క లేని ఇంట్లో పిల్లకు ఎక్కువైంది. ఇద్దరూ ఒక్కలాగే దగ్గేవాళ్లు. అంటే పిల్ల రొమ్ములో దూరిందేదో కుక్క రొమ్ములోనూ దూరింది, అది బొచ్చూ కాదు, బొక్కా కాదు. తిరిగి వస్తుంటే ఎల్లారెడ్డి పొలిమేరలోనే ఇండ్ల పైన నల్లగా ఒక పొగ తెర వేలాడుతూ కనపడింది. దాని కింద ఎవరి పెరడుందో వేలు పెట్టి చూపించగలదు. ఒళ్లు భగ్గుమంది. నోరు లేని జీవి మీద నింద వేసి వెళ్లగొట్టినందుకు తన మీద తనకే అసహ్యం కూడా వేసింది.

మర్యాదగానే అడిగింది మొదట. “నర్సింహులన్నా, జర గ్యాస్ మీద వండరాదే. పొగకు పిల్ల పరేషానవుతున్నది.”

“గ్యాస్ మీద దమ్ము కుదరది చెల్లె. కట్టె వాసన లేంది బిర్యానీ ఎవడు తింటడు?” నర్సింహులు చెడ్డవాడు కాడు, మాట కూడా నవ్వుతూనే అన్నాడు. “మా అవ్వను చూడు. ఈడు వచ్చినకాడి నుంచి పొయ్యి ముంగటనే ఉన్నది. ఏమైంది? గట్టిగనే ఉన్నది గదా.”

గట్టిగా ఉన్న మంగవ్వ ఆ మాటకు అవునన్నట్టు తలూపబోయి దగ్గుతో వంగిపోయింది. “ముసలిదాన్నయితి బిడ్డా” అంది దగ్గు తగ్గాక. ఆ సాయంత్రం నర్సింహులు ఇంటి నుంచి ఒక గిన్నెడు బిర్యానీ వచ్చింది. వెనక్కి పంపితే పగ పెట్టుకున్నట్టుంటుందని తిన్నారు. బాగానే ఉంది, అదే గంగమణికి మరీ కోపం తెప్పించింది.

ఆదివారం నాడు పెద్ద లగ్గం. నర్సింహులు పెరట్లో పొయ్యిలన్నీ ఒకేసారి అంటుకున్నాయి. గాలి లేదు. పొగ పైకి పోక, నేలబారున పాకి, గోడెక్కి ఇటు దిగింది. గంగమణి కిటికీలన్నీ మూసింది, తలుపు కింద తడి గుడ్డ కుక్కింది. ఎంత మూసినా లోపల కళ్లు మండుతూనే ఉన్నాయి.

సంజన మంచం మీద లేచి కూర్చుంది. పడుకోలేకపోతోంది. రెండు చేతులూ మంచానికి ఆనించి, భుజాలు పైకి లాగి, ఊపిరి తీసుకుంటోంది. తీసుకున్న ప్రతిసారీ గొంతు కింద గుంట పడుతోంది.

“అమ్మా” అంది. మళ్లీ కాసేపటికి “నీళ్లు” అంది. రెండు మాటలూ కలిపి అనలేకపోయింది.

గంగమణి మల్లేష్‌కు ఫోన్ చేసింది, లింగంపేటలో ఉన్నాడు, వస్తున్నా అన్నాడు. అంబులెన్స్‌కు చేసింది, దూరంలో ఉందన్నారు, వస్తుందన్నారు. పిల్ల పెదవుల రంగు మారుతోందా, లేక చీకటి గదిలో తనకే అలా కనపడుతోందా తేల్చుకోలేకపోయింది. వెనక తలుపు తీసుకుని నర్సింహులు పెరట్లోకి పరుగెత్తింది.

“అన్నా, ఆర్పు. పొయ్యిలు ఆర్పు. నా బిడ్డకు దమ్ము ఆడుతలేదు.”

పొగలో నర్సింహులు కళ్లు ఎర్రగా ఉన్నాయి. తెల్లారకముందు నుంచీ నిలబడే ఉన్నాడు. కొన్ని బగోనల మూతలకు పిండి అతికించి ఉంది, మిగతావాటిలో ఎసరు మరుగుతోంది. “ఇప్పుడా? దమ్ము మీదున్నది చెల్లె. అక్కడ పెండ్లోళ్లు కూసున్నరు. జర ఓపిక పట్టు, అరగంటల అయిపోతది.”

“అరగంటల నా పిల్ల ఉంటదా?”

“గంత మాట అనకు. పొద్దున లేస్తే నా మీద పడి ఏడుస్తున్నవు. ఇన్నేండ్ల సంది లేని పొగ నీకొక్కదానికే వచ్చిందా?” పనివాళ్లందరూ చూస్తున్నారు. అతని గొంతు లేచింది. “ఆర్పాల్నా? దమ్ముంటే ఆర్పు!”

బిర్యానీకి ఒక దమ్ము, మగాడి రోషానికి ఒక దమ్ము, పిల్ల ఊపిరికి ఒక దమ్ము, అన్నిటికీ ఒకటే మాట. గంగమణి చెవుల్లో మూడోది తప్ప ఏదీ లేదు. బియ్యం కడిగిన నీళ్ల బకెట్ పక్కనే ఉంది. రెండు చేతులా ఎత్తింది.

“పొయ్యకు!”

మంగవ్వ. పీట మీద నుంచి ఎప్పుడు లేచిందో, ఎముకల చేయి గంగమణి మణికట్టును ఇనుప పట్టకారులా పట్టుకుంది. “నీళ్లు పొయ్యకు బిడ్డా. నీళ్లు పడ్డదంటే ఇప్పుడున్న పొగకు పదింతలు లేస్తది. అదంతా నీ ఇంట్లకే వస్తది. పిల్ల తట్టుకోదు.” బకెట్ దింపించింది. “నువ్వు పిల్ల కాడికి పో. నేను జూస్త.”

ముసలామె వంగి, మండుతున్న మొద్దును కొస పట్టి బయటికి లాగింది. ఇసుక కుప్పలోకి తోసి, రెండు చేతులతో ఇసుక ఎగదోసింది. ఇంకొకటి లాగింది. నర్సింహులు “అవ్వా, అన్నం సగమే ఉడికింది!” అని అరిచాడు.

“ఉడకకుంటే నేనే పోయి పెండ్లోళ్ల కాళ్లు మొక్కుత. పిండి పెట్టినవాటికి నిప్పులు సాలు, మంట ఎందుకు? సూసుకుంట నిలబడ్డవేందిరా, గుంజు!”

కొడుకు గుంజాడు. పనివాళ్లూ గుంజారు. పొగ పలచబడడం గంగమణి చూడలేదు, అప్పటికే సంజనను భుజాన వేసుకుని వాకిట్లోకి వచ్చేసింది. నర్సింహులు వంట సామాను మోసే బండి తెచ్చి గేటు ముందు ఆపాడు. మంగవ్వ కూడా ఎక్కి, పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

ఎల్లారెడ్డి దవఖానలో ముక్కూ మూతీ మూసే మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టారు. పిల్ల కాస్త తేరుకుంది గానీ కామారెడ్డి తీసుకుపొమ్మన్నారు. దవఖాన వాకిట్లోకి అప్పటికే మల్లేష్ వచ్చి కలిశాడు, బండి నడిపే నర్సింహులు పక్కన ఎక్కి కూర్చున్నాడు. బండి లింగంపేట దాటింది. ఇంజిను చప్పుడులో కూడా వినపడుతున్నాయి సంజన పిల్లికూతలు. మంగవ్వ పిల్ల రొమ్ముకు చెవి ఆనించి చాలాసేపు విన్నది. తల ఎత్తినప్పుడు ఆమె ముఖం మారిపోయి ఉంది.

“నర్సింలూ” అని పిలిచింది కొడుకును. “ఈ సప్పుడు నాకెరుకే. నీ బాపు పోయినప్పటి సంది నా రొమ్ముల ఇదే సప్పుడు. పండుకుంటే మొదలైతది. ముసలితనమనుకున్న.” ఊపిరి తీసుకుంది. “ఈ పోరికి ముసలితనం యాడికెళ్లి వచ్చిందిరా?”

అద్దంలో నర్సింహులు కళ్లు కనపడ్డాయి గంగమణికి. ఈసారి ఆ ఎరుపు పొగది కాదు.

కామారెడ్డిలో పిల్లల డాక్టరమ్మ నెమ్మదిగల మనిషి. పిల్ల నిద్రపోయాక గంగమణిని కూర్చోబెట్టి చెప్పింది. “ఇది ఆస్తమా అమ్మా. కొందరికి కుక్క వల్ల కూడ లేస్తది. కానీ కుక్క పోయినంక ఎక్కువైందంటే కుక్కది కాదు తప్పు. పొగ చిన్న చిన్న రేణువులుగా లోపలికంటా పోయి కూసుంటది. మనుషులకైనా, జంతువులకైనా అంతే. మీ ఇంట్ల వంట దేని మీద?”

“గ్యాస్ మేడం. మాది గ్యాసే” అంది గంగమణి, గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడ్డ నర్సింహులుకు వినపడేటట్టు.

డాక్టరమ్మ పీల్చే మందు ఇచ్చి, ఎలా పీల్చాలో నేర్పింది. పెద్దవాళ్లను చూసే డాక్టరు దగ్గర మంగవ్వకూ ఒకటి రాశారు. పిల్లా ముసలీ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మందు పీల్చి ఊపిరి బిగబడుతుంటే, అన్నిటికీ కారణం చెప్పే మల్లేష్‌కు ఆ పూట ఒక్క కారణమూ దొరకలేదు.

నర్సింహులు పెరట్లో గ్యాస్ భట్టీలు దిగాయి. కొన్నాళ్లు ముఖం ముడుచుకునే వండాడు. ఒక పెండ్లిలో జనం వేళ్లు నాకి, మళ్లీ వడ్డించుకుని, కట్టెల మీద వండినట్టే ఉందని మెచ్చుకున్నారట. వాళ్ల మీద అతనికి గౌరవం తగ్గిపోయింది గానీ భట్టీలు మాత్రం అలాగే ఉంచాడు. ఆ సంగతి గోడ మీద నుంచి మంగవ్వ చెబుతుంటే గంగమణి చాలా రోజుల తర్వాత కడుపారా నవ్వింది. గెలిచాననుకుంది. సంజన పరుగెత్తగలుగుతోంది. తెల్లవారుజామున మాత్రం పిల్లి ఇంకా ఒకటి రెండుసార్లు కూస్తోంది, అది కూడా పోతుందిలే అనుకుంది.

ఇక మోతిని తెచ్చుకోవచ్చు. ఆ సంబరంతో సంజన రాత్రంతా సరిగా నిద్రపోలేదు. పొద్దున్నే గంగమణి నీళ్ల పొయ్యి నిండా బెండ్లు కుక్కింది. పిల్లకు తలస్నానం చేయించాలి, పొలం మట్టిలో పొర్లి వచ్చే మోతికి కూడా గోరువెచ్చని నీళ్లతో రుద్ది రుద్ది చేయించాలి. మంచుకు మెత్తబడ్డ బెండ్లు గుప్పుమన్నాయి.

ఆటో ఆగీ ఆగకముందే మోతి దూకింది. సంజన మీద పడింది, గంగమణి కాళ్ల చుట్టూ తిరిగింది, ఇంట్లో గదులన్నీ వాసన చూసి, వెనక వాకిలి గుండా పెరట్లోకి ఉరికింది. వెనకే సంజన. అందరూ నవ్వుతున్నారు.

పెరట్లో మోతి ఆగింది. మెడ ముందుకు చాచింది. నడుం వంచింది. ఖళ్లు ఖళ్లుమంది.

నవ్వులు ఆగిపోయాయి. గంగమణికి తల తిరిగినంత కోపం వచ్చింది. మళ్లీ కట్టెలు పెట్టాడన్నమాట, దొంగచాటుగా! విసవిసా గోడ దగ్గరికి పోయి, అనాల్సిన మాటలన్నీ నాలుక మీదికి తెచ్చుకుని అటు తొంగిచూసింది. నర్సింహులు ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు. అతని పక్కన భట్టీ కింద నీలం మంట బుస్సుమంటోంది. పందిరి మీద ఆకాశం తేటగా ఉంది.

గంగమణి వెనక్కి తిరిగింది. తన గుండిగ కింద నుంచి తెల్లటి పొగ పాయగా లేచి, వంకర తిరిగి, సంజన కిటికీలోకి పోతోంది. ఎవరూ తోయకుండానే, బాగా అలవాటైన దారిలో పోతున్నట్టు పోతోంది. మాది గ్యాసే మేడం అన్న తన గొంతు తనకే వినపడింది. అబద్ధం చెప్పలేదు తను. అడిగింది వంట సంగతి. నీళ్ల పొయ్యి కూడా పొయ్యే అని ఆ క్షణం దాకా ఆమెకు తోచనే లేదు. దుప్పట్లు ఉడకేసిన రోజులూ, బడి నుంచి రాగానే పోసిన వేడినీళ్లూ ఒకటొకటే గుర్తొచ్చాయి.

సంజన మోతి మెడ చుట్టూ చేతులు వేసి నేల మీద కూలబడింది. ముఖం పాలిపోయింది. “అమ్మా, మోతి ఒక్కసారే దగ్గింది. మళ్ల దగ్గది. దీన్ని మళ్ల పంపిస్తవా?”

గంగమణి చెంబు అందుకుంది. గుండిగలో ముంచి, పొయ్యి మీదికి ఎత్తింది.

“నీళ్లు పొయ్యకు బిడ్డా” అంది గోడ అవతలి నుంచి మంగవ్వ. ఎప్పటి నుంచి చూస్తోందో. గొంతులో ఎత్తిపొడుపు లేదు. “మన్ను పొయ్యి.”

గంగమణి చెంబు దించింది. మోకాళ్ల మీద కూర్చుని, రగులుతున్న బెండ్లను పొయ్యిలోంచి ఒక్కొక్కటే బయటికి లాగి, దోసిళ్లతో మట్టి తీసి కప్పింది. వేళ్లు చురుక్కుమన్నా ఆగలేదు. చివరి బెండు ఆరాక, మట్టి చేతులతోనే కూతురినీ కుక్కనూ కలిపి దగ్గరికి తీసుకుంది.

“మోతిని కాదు బిడ్డా” అంది. “మోతి ఎటూ పోదు.”